బిడ్డ ఊపిరి గేటు దగ్గర ఆగిపోకూడదు



వేతనం, బోనస్, డి.ఎ., పీసు రేటు, ఓ.టి. లెక్కలు ఈ పేజీల్లో ఎప్పుడూ ఉండేవే. ఈసారి చిన్నపిల్లల అలర్జీ గురించి రాస్తున్నాను. "అది డాక్టర్లు రాయాల్సిన సంగతి, మధ్యలో యూనియన్‌కేం పని?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెప్పాలి.

అలర్జీ ముదిరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాపాడే మందు ఒకటుంది. దాని ఖరీదు ఒక ప్లేటు ఒగ్గాణి బజ్జీ ధరకు అటూ ఇటూ ఉంటుంది. బళ్ళారిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి 1961 నుంచీ ఉంది. దాన్నే జనం ఇప్పటికీ విమ్స్ అంటారు. ఇవన్నీ ఉన్నాయి. సత్యనారాయణపేటలో అద్దె ఇంట్లో ఉంటూ కుట్టు మిషను మీద, స్పిన్నింగ్ మీద, జిన్నింగ్ మీద బతికే కుటుంబానికి లేనిది ఒక్కటే, సమయం. ఆ సమయం ఎక్కడెక్కడ పోతోందో లెక్క తీస్తే సగం గేటు దగ్గర, సగం కార్డు దగ్గర తేలుతుంది. అందుకే ఇది యూనియన్ విషయం అంటున్నాను.

ఏది మామూలు, ఏది ప్రమాదం

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే శక్తి ఒకటుంది. కొందరి ఒంట్లో అది శత్రువు కాని వస్తువును కూడా శత్రువనుకొని విరుచుకుపడుతుంది. ఆ వస్తువు పాలు కావచ్చు, గుడ్డు కావచ్చు, శెనక్కాయ, నువ్వులు, చేప, రొయ్య కావచ్చు. తేనెటీగ, కందిరీగ కుట్టడం వల్ల కావచ్చు. పెన్సిలిన్ జాతి మందుల వల్ల, కొన్ని నొప్పి మాత్రల వల్ల కూడా వస్తుంది. ఒకే పళ్ళెంలో తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఏమీ కాకపోవచ్చు, మరొకరికి ఒళ్ళంతా లేచిపోవచ్చు.

ఎక్కువసార్లు అది దద్దుర్లతోనో, దురదతోనో, ముక్కు కారడంతోనో ఆగిపోతుంది. అలాంటప్పుడు భయపడనక్కరలేదు. డాక్టరు చెప్పిన సెట్రిజిన్ వంటి మందు వేస్తే తగ్గుతుంది. కొన్నిసార్లు మాత్రం ఒంట్లోని రెండు మూడు భాగాలు ఒకేసారి దెబ్బతింటాయి. దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు, ఆ పరిశోధనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. పేరు గుర్తు లేకపోయినా నష్టం లేదు. గుర్తులు మాత్రం ప్రతి తల్లికీ, ప్రతి అవ్వకూ తెలియాలి:

– పెదవులు, నాలుక, కళ్ళు వాయడం, గొంతు బొంగురుపోవడం, మింగలేక చొంగ కార్చడం.
– ఆయాసం, పిల్లికూతలు, ఆగని దగ్గు.
– తిన్న కాసేపటికే మళ్ళీ మళ్ళీ వాంతులు, కడుపునొప్పి.
– ఒళ్ళు చల్లబడడం, పాలిపోవడం, మగతగా వాలిపోవడం, స్పృహ తప్పడం.

దద్దుర్లతో పాటు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో చిట్కాలకు వ్యవధి లేదు. అలర్జీ ఉందని ముందే తెలిసిన బిడ్డకు దద్దుర్లు లేకుండానే ఊపిరి ఇబ్బంది రావచ్చు. అదీ ప్రమాదమే.

మన ఇళ్ళల్లో దద్దుర్లు లేస్తే గొంగడితో రుద్దుతారు. "పురుగు ముట్టింది" అంటారు, దిష్టి తీస్తారు, మంత్రం వేయిస్తారు. పెద్దవాళ్ళను ఎగతాళి చేయడానికి ఈ మాట రాయడం లేదు. చుట్టుపక్కల డాక్టరు లేని కాలంలో చేతిలో ఉన్నదే చేశారు. ఒట్టి దద్దుర్లయితే రుద్దినా, రుద్దకపోయినా తగ్గేవి. బిడ్డకు ఊపిరాడనప్పుడు మాత్రం గొంగడి వెతకడానికి పోయే పది నిమిషాలు తిరిగి రావు.

నిమిషాల లెక్క

బ్రిటన్‌లో ఇలాంటి మరణాలను పరిశీలించి 2000లో ఒక అధ్యయనం వెలువడింది. ఊపిరి గాని గుండె గాని ఆగడానికి పట్టిన వ్యవధి, తిండి వల్ల వచ్చినప్పుడు సుమారు 30 నిమిషాలు, పురుగు కుట్టినప్పుడు 15 నిమిషాలు, సూది మందు వల్ల వచ్చినప్పుడు 5 నిమిషాలు అని అందులో తేలింది. ప్రతి బిడ్డకూ ఇలాగే జరుగుతుందని కాదు. అలర్జీ ప్రాణాల దాకా పోవడం అరుదే. పోయేటప్పుడు మాత్రం ఇంత తొందరగా పోతుంది.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. ఇది ఊహించి వేసే లెక్క, కాని ఇందులో ఏ ఒక్క మెట్టూ మీకు కొత్త కాదు. సాయంత్రం 6 గంటలకు బిడ్డ ఏదో తిన్నాడు. 6.10కి మూతి వాచింది. పక్కింటి అక్క చూసి, తల్లికి చెప్పాలని 6.20కి ఫోను చేసింది. తల్లి ఫోను గేటు దగ్గర డబ్బాలో ఉంది, లోపలికి తీసుకుపోనివ్వరు. వాచ్‌మన్ సూపర్‌వైజర్‌కు, సూపర్‌వైజర్ తల్లికి చెప్పేసరికి 6.40. "చేతిలో ఉన్న పీసులు పూర్తి చేసి పో" అన్నాడు. 6.55. గేటుపాసు మీద సంతకం చేసేవాడు సీట్లో లేడు. 7.05. ఇంటికి వచ్చి, బిడ్డను ఎత్తుకొని, ఆటో దొరికి, ఆస్పత్రి చేరి, చీటీ రాయించేసరికి 7.40. గంటన్నర పైన పోయింది. పైన చెప్పిన 30 నిమిషాలను దీని పక్కన పెట్టి చూడండి.

ఈ గంటన్నరలో డాక్టరు తప్పు లేదు, తల్లి తప్పు లేదు. నిమిషాలు ఎవరి అధీనంలో ఉన్నాయన్నదే ప్రశ్న.

ఈ లెక్క నుంచి ఇంటి దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. బిడ్డ పక్కన ఎవరుంటే వాళ్ళే బయలుదేరాలి. అవ్వ అయినా, పక్కింటి అక్క అయినా, బడి టీచరు అయినా తల్లి వచ్చేదాకా ఆగకూడదు. తల్లి నేరుగా ఆస్పత్రికే వస్తుంది. తల్లిదండ్రులు పక్కన లేరని అత్యవసర చికిత్స ఆపరాదు.

అసలు మందు ఏది

అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్ సూది. తొడ బయటి వైపు, మధ్య భాగంలో, కండలోకి ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే 15 కిలోల బిడ్డకు 0.15 మిల్లీగ్రాము. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్ళీ ఇస్తారు. ఏవిల్, సెట్రిజిన్ వంటివి దురదను తగ్గిస్తాయి గాని మూసుకుపోతున్న గొంతును తెరవలేవు. స్టెరాయిడ్ సూది పని చేయడానికి గంటలు పడుతుంది. కొన్ని చిన్న క్లినిక్కుల్లో ఈ రెండూ వేసి "చూద్దాం, కూర్చోండి" అనే అలవాటు ఉంది. అలాంటప్పుడు "అడ్రినలిన్ అవసరమేమో చూడండి సార్" అని అడగడం మర్యాద తప్పడం కాదు. బిడ్డ మనది.

సూది వేశాక తేరుకున్నాడు కదా అని వెంటనే ఇంటికి తెచ్చుకోకండి. కొందరిలో కొన్ని గంటల తరువాత అదే బాధ తిరగబెడుతుంది. డాక్టరు ఉండమన్నంతసేపు ఉండాలి. ఆ రాత్రి షిఫ్టు పోతుందన్న భయంతోనే మనవాళ్ళు తొందరపడతారు. ఇదీ యూనియన్ చూడవలసిన విషయమే.

విదేశాల్లో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు పెన్ను లాంటి అడ్రినలిన్ సూదిని జేబులో పెట్టుకొని తిరుగుతారు. మన మందుల షాపుల్లో అది మామూలుగా దొరకదు. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన బిడ్డయితే, ఇంట్లో ఆంపూలు, సిరంజి ఉంచుకోవాలా, ఎంత మోతాదు, ఎలా వేయాలి అని పిల్లల డాక్టరును అడిగి నేర్చుకోండి. ఎవరో చెప్పారని సొంతంగా వేయవద్దు.

సూది అందేలోగా చేయవలసినవి ఇవి. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేపి నడిపించరాదు, నిలబెట్టరాదు. నోట్లో నీళ్ళు, కషాయం పోయరాదు. 108కి ఫోను చేసి ముందుగా రాష్ట్రం, తాలూకా, ఊరు, వీధి చెప్పండి. ఆంధ్రలో 108 సేవ 2005లోను, కర్ణాటకలో 2008లోను మొదలైంది. రాయదుర్గం, ఆలూరు, ఆదోని వైపు పల్లెల నుంచి వచ్చిపోయే కార్మికులు మనలో చాలామంది. 1953లో తాలూకాలు పంచుకున్నప్పుడు గీసిన గీత మన బంధుత్వాలను ఆపలేదు. అంబులెన్సుకు మాత్రం మనం ఏ వైపున ఉన్నామో మొదటి మాటగా చెప్పాలి. అంబులెన్సు ఆలస్యమయ్యేటట్లుంటే ఆటో ఎక్కించండి.

కార్డు ఎవరికుంది?

1948లో చట్టం చేసి, 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో మొదలుపెట్టిన ఇ.యస్.ఐ. పథకం ఎవరి దయా కాదు. మన జీతంలో నూటికి 75 పైసలు మనం కడుతున్నాం, 3 రూపాయల 25 పైసలు యాజమాన్యం కట్టాలి. ఈ రేట్లు 2019 జులైలో వచ్చాయి. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో పాత చట్టాన్ని కలిపేశారు గాని, పథకం ఉంది, హక్కు ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే కార్మికునికీ, కుటుంబానికీ వైద్యం అందాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పిల్లల పేర్లు చేర్పించకపోవడం. రెండో బిడ్డ పుట్టి మూడేళ్ళయినా కార్డులో ఉండదు. ఈ నెలలోనే సరిచూసుకోండి.

బళ్ళారి జీన్స్ పేరు దేశమంతా తెలుసు. ఆ ప్యాంటు కుట్టే చేతులకు కార్డుందా అన్నది ఎవరూ అడగరు. కొన్ని ముక్కలు ఇంట్లో, కొన్ని షెడ్డులో, కొన్ని వాషింగ్ యూనిట్‌లో. పది మంది ఉంటే ఇ.యస్.ఐ. వర్తిస్తుంది కనుక, ఒకే యజమాని మూడు పేర్లతో మూడు బోర్డులు పెట్టి తొమ్మిది తొమ్మిది మందిని చూపించే పద్ధతి మనకు తెలియనిది కాదు. బదిలీ కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు మస్తరులోనే ఉండరు. పది మందికి తక్కువున్న చోట కూడా యజమానీ, కార్మికుల్లో ఎక్కువమందీ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు కొత్త కోడ్‌లో ఉంది. చిన్న షెడ్ల యజమానులతో మాట్లాడడానికి ఇది మనకు పనికొచ్చే ఆయుధం.

డిస్పెన్సరీ పగటివేళ తెరుస్తారు, అలర్జీ వేళ చూసి రాదు. అత్యవసరంలో దగ్గరలో ఏ ఆస్పత్రి ఉంటే దానికే పొండి. ఇ.యస్.ఐ. ఉన్నవాళ్ళు బిల్లులు, డిశ్చార్జి కాగితం, అత్యవసరమని డాక్టరు రాసిన చీటీ భద్రంగా ఉంచి, తరువాత ఖర్చు తిరిగి అడగవచ్చు. కార్డు లేని బి.పి.ఎల్. కుటుంబాలకు కర్ణాటకలో 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం ఉంది. ఆంధ్రలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో నడుస్తోంది. ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో పని చేస్తుందని నమ్ముకొని కూర్చోకండి, ముందే కనుక్కోండి.

"ముందు డబ్బు కట్టండి" అన్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచం లేదని తిప్పి పంపాయి. అతడు చేరిన వ్యవసాయ కార్మికుల సంఘమే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని 1996 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు తెచ్చినది పెద్ద వకీళ్ళ సంఘం కాదు, కూలీల సంఘం. యూనియన్‌కు ఆస్పత్రి సంగతి ఎందుకని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

చీటీ, బడి, పాకెట్టు

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కేసుషీటు ఇంగ్లీషు. ఆస్పత్రిలో నిమిషాలు ఇక్కడ కూడా పోతాయి. "శెనక్కాయ పడదు" అన్న మాట డ్యూటీ డాక్టరుకు అర్థమయ్యేలోగా ఆలస్యం కావచ్చు. అందుకని ఒక చీటీ తయారు చేసుకోండి. బిడ్డ పేరు, వయస్సు, బరువు, ఏది పడదు, ఇంతకు ముందు ఎప్పుడు ఏమైంది, ఏ మందు వేశారు, ఎవరికి ఫోను చేయాలి. ఇవన్నీ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో. ఒకటి బిడ్డ బడి సంచిలో, ఒకటి ఇంట్లో, ఒకటి తల్లి దగ్గర. యూనియన్ ఆఫీసులో చదువుకున్న కుర్రవాళ్ళు సాయంత్రాలు కూర్చుంటే వారంలో వంద చీటీలు రాయవచ్చు.

బడికి తప్పక చెప్పాలి. 2021 డిసెంబరులో మన బళ్ళారితో సహా కళ్యాణ కర్ణాటక జిల్లాల బడుల్లో భోజనంతో గుడ్డు ఇవ్వడం మొదలైంది. ఆంధ్ర బడుల్లో 2020 నుంచి గుడ్డు, శెనక్కాయ చిక్కీ ఇచ్చారు. కూలీల పిల్లలకు ఇది మంచి తిండి, దీన్ని ఎవరూ ఆపమనరాదు. పడని ఒక్క బిడ్డకు బదులుగా అరటిపండు ఇప్పించడం టీచరుకు కష్టం కాదు, ముందుగా తెలిస్తే.

పాకెట్టు తిండి మీద పాలు, గుడ్డు, శెనక్కాయ, చేప, సోయా, గోధుమ వంటివి ఉంటే ఆ సంగతి ముద్రించాలని 2020లో వచ్చిన ఆహార లేబులు నిబంధనలు చెబుతున్నాయి. అయితే తప్పనిసరి చేసిన భాష ఇంగ్లీషు లేదా హిందీ. తెలుగో కన్నడమో మాత్రమే చదివే తల్లికి ఆ అక్షరాల వల్ల ఏం లాభం? లండన్‌కు చెందిన 15 ఏళ్ళ నటాషా అనే అమ్మాయి 2016లో, నువ్వులున్నాయని లేబులు మీద రాయని రొట్టె తిని చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు పోరాడితే 2021 అక్టోబరు నుంచి అక్కడ చట్టమే మారింది. మన భాషలో లేబులు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మోసపోకుండా ఉండడానికి

భయం ఉన్న చోట వ్యాపారం వస్తుంది. వందల వస్తువులకు ఒకేసారి రక్తపరీక్ష అంటూ వేల రూపాయలు గుంజే ల్యాబులున్నాయి. తిన్నప్పుడు ఏమీ కాని వస్తువు పరీక్షలో కనిపించినంత మాత్రాన అది అలర్జీ కాదు. ఆ కాగితం పట్టుకొని పాలు, గుడ్డు, పప్పు అన్నీ మానిపిస్తే బిడ్డ చిక్కిపోతాడు. ఏమి తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అని రాసుకొని డాక్టరుకు చూపించండి. ఏ పరీక్ష కావాలో ఆయన చెబుతాడు.

ఉబ్బసం ఉన్న బిడ్డకు అలర్జీ వస్తే ప్రమాదం ఎక్కువ. మృగశిర కార్తెలో చేప ప్రసాదం కోసం హైదరాబాదు పోయేవాళ్ళు మన వీధుల్లోనూ ఉన్నారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. చేప పడని బిడ్డకైతే అదే ముప్పు. నమ్మకం మీ ఇష్టం. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం దాని కోసం మానకండి. "పంపు అలవాటు పడిపోతుంది" అన్న మాటలో నిజం లేదు. ఇంకొకటి, మిల్లులో దూది నుసి, వాషింగ్ యూనిట్‌లో రంగు, రసాయనాల వాసన మన బట్టలకు పట్టి ఇంటికి వస్తాయి. బట్టలు మార్చుకొని, చేతులు ముఖం కడుక్కొన్న తరువాతే బిడ్డను ఎత్తుకోండి. యూనిట్‌లోనే బట్టలు మార్చుకొనే గది, నీళ్ళు అడగడం మన హక్కు.

మనం అడగవలసినవి

1. బిడ్డకు అత్యవసరమని ఫోను వస్తే ఆ కబురు వెంటనే మిషను దగ్గరికి చేరాలి. గేటుపాసు అక్కడికక్కడే ఇవ్వాలి. ఆ రోజు చేసిన పీసులకు కోత ఉండరాదు.
2. ప్రతి కార్మికుని పేరు, బదిలీ, కాంట్రాక్టు సహా, ఇ.యస్.ఐ.లో ఉండాలి. కుటుంబం వివరాలు చేర్చే శిబిరం గేటు దగ్గరే పెట్టాలి.
3. ప్రతి డిస్పెన్సరీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, 108 బండిలో అడ్రినలిన్ ఉండాలి, వేయగల మనిషి ఉండాలి.
4. పిల్లల గది నడపవలసిన మిల్లుల్లో ఆ గది నడపాలి. చూసుకొనే ఆయాకు పై గుర్తులు నేర్పాలి. 1948 ఫ్యాక్టరీ చట్టం 30 మందికి మించి స్త్రీలున్న చోట పిల్లల గది ఉండాలంది. 2025లో అమలులోకి వచ్చిన కోడ్ దాన్ని 50 మందికి మించి కార్మికులున్న చోట అని మార్చింది. ఈ లెక్కలో చేరే యూనిట్లు ఎన్ని ఉన్నాయో యూనియన్ జాబితా తీయాలి.
5. తిండి పాకెట్ల మీద అలర్జీ హెచ్చరిక ప్రాంతీయ భాషల్లో ఉండాలి.

వీటిలో యాజమాన్యానికి పెద్ద ఖర్చయ్యేవి లేవు. మొదటిదానికైతే పైసా ఖర్చు లేదు, గేటు తెరిస్తే చాలు. అందుకే దాన్ని మొదట పెట్టాను. వచ్చే గేటు మీటింగులో ఈ అయిదూ చదివి వినిపించి, మన కోరికల పత్రంలో చేర్చాలని నా సూచన. అప్పటిదాకా ఆగనక్కరలేని పని కూడా ఉంది. ఈ రాత్రి ఇంటికి పోయి, బిడ్డను చూసుకొనే అవ్వకు, పక్కింటి అక్కకు ఆ నాలుగు గుర్తులు చదివి చెప్పండి. తల్లి కోసం ఆగకుండా బయలుదేరమని చెప్పండి. ఆటో కోసం కొంత డబ్బు, బిడ్డ చీటీ ఒకే చోట పెట్టి ఆ చోటు వాళ్ళకు చూపించండి.